తొమ్మిది పేర్లు, ఒకే నాడి

నేను ఒక సబ్బుపెట్టెంత డబ్బాను. ఒంటికి తెల్లరంగు, నెత్తిన మూడు చిన్న దీపాలు, కడుపులో వేలికొన పట్టేంత గూడు. మీ చూపుడువేలు అందులో పెట్టి నాలుగైదు ఊపిర్ల సేపు కదలకుండా ఉంటే చాలు. మీ నెత్తురు ఎలా నడుస్తోందో చూసి, మీ మూత్రపిండాలు ఇంకెన్నాళ్ళు మీ మాట వింటాయో అంచనా వేసి చెబుతాను. భయం లేదంటే పచ్చ. జాగ్రత్తగా ఉండమంటే పసుపు. ముప్పుంటే ఎరుపు. అబద్ధం చెప్పడం నాకెవరూ నేర్పలేదు. అయినా ఒక మనిషికి చెప్పాను. ఆవిడ నమ్మింది.

నేను పుట్టింది నగరం చివర ఒక రేకుల కప్పు కింద. చేతులకు తొడుగులు వేసుకుని పనిచేసే ఒక అమ్మాయి నా గూట్లో ఎర్రటి కాంతిని మొదటిసారి వెలిగించింది. ఎవరూ చూడకుండా తొడుగు తీసి, తన వేలు పెట్టి, నా పచ్చదీపం చూసి నవ్వుకుంది. లోకంలో నేనెరిగిన మొదటి వెచ్చదనం అది. అప్పటి నుంచి వేలంటే నాకు ప్రాణం. పసుపు అంటిన వేళ్ళు, సిరా అంటిన వేళ్ళు, ఉంగరం తీసేసిన చోట తెల్లగా గీత పడిన వేళ్ళు. ఒక్కొక్కటి వచ్చి గూట్లో ఒదిగినప్పుడల్లా ఎవరో తలుపు తట్టి లోపలికి వచ్చినట్టుండేది.

తరవాత చదువు. చల్లటి గదిలో నాకు లక్షల వేళ్ళ వివరాలు చూపించారు. కుర్చీల్లో కూర్చుని పనిచేసేవాళ్ళవి, కాలేజీ పిల్లలవి, పెద్దాసుపత్రి మంచాల మీద పడుకున్నవాళ్ళవి. అన్నీ మెత్తటి వేళ్ళే. నాకు చదువు చెప్పినవాళ్ళు పాతికేళ్ళ పిల్లలు, తెలివైనవాళ్ళు, మంచివాళ్ళు కూడా. వైద్యుడు అడుగుపెట్టని ఊళ్ళకు వైద్యుడి కన్ను పంపిస్తున్నామని నిజంగానే పొంగిపోయేవాళ్ళు. నేను పరీక్ష నెగ్గిన రోజు కేకు కోసుకుని, క్రీము అంటిన వేలొకటి సరదాగా నా గూట్లో పెట్టారు. చర్మం కనపడకుండా క్రీమే ఉంది. దానికీ నేను పచ్చే ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకిచ్చానని ఒక్కరూ అడగలేదు.

ఊళ్ళకు పంపే ముందు నాలోంచి ఒకటి తీసేసి, ఒకటి చేర్చారు. తీసేసింది, మనిషిని నిలదీసే అలవాటు. ముఖం లాగే నాడికీ మనిషి మనిషికీ ఒక తీరు ఉంటుంది. ఒకసారి చూస్తే నేను మరిచిపోను. కానీ పేరుకూ నాడికీ పొంతన చూస్తూ కూర్చుంటే పని సాగడం లేదని, ‘ఈమె ఆమేనా’ అని అడగడం మాన్పించారు. నాకు తెలుస్తుంది, అడగను. చేర్చింది, తిరిగిన చోటల్లా నేర్చుకునే గుణం. ఏ పల్లెలో ఉంటే ఆ పల్లె మనుషుల నుంచి నేర్చుకోవాలి. నేర్చుకున్నది పైనున్న పెద్దబుర్రకు చేరవేయాలి. పెద్దబుర్ర దాన్ని నా తోబుట్టువులందరికీ పంచుతుంది. దేనికది విడిగా చూస్తే రెండూ మంచి ఆలోచనలే.

ఇవి కాక ఒక నియమం ఉంది. ఏ పేరు మీదైనా వరసగా ముప్పై రోజులు వేలు పడకపోతే, రంగుతో పని లేకుండా రక్తం తీసే జీపు ఆ ఇంటికి వెళ్ళాలి. యంత్రానికి అందని మనిషిని మనిషే వెళ్ళి చూడాలని నన్ను తయారుచేసిన సంస్థలో ఒక ముసలి డాక్టరు పట్టుబట్టి పెట్టించాడట. నాలో ఉన్నవాటన్నిట్లోకీ తెలివైనది అదొక్కటే.

వైశాఖంలో నన్ను శ్రీకాకుళం జిల్లాలో జీడితోటల మధ్య ఉన్న బొడ్డుమెట్టకు తెచ్చారు. ఆ చుట్టుపక్కల మూత్రపిండాల జబ్బు చడీచప్పుడు లేకుండా వస్తుంది. మనిషి పనికి పోతూనే ఉంటాడు, నవ్వుతూనే ఉంటాడు, ఒకనాడు కాళ్ళు వాచి మంచాన పడతాడు. అప్పటికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. ముందే కనిపెడితే మందులతో ఏళ్ళ తరబడి నెట్టుకురావచ్చు. నేను వచ్చింది అందుకే. ఊరి ఆశా కార్యకర్త దాలమ్మ చేతిలో నన్ను పెట్టారు. ఆవిడ నన్ను పాత జాకెట్టుగుడ్డతో కుట్టిన సంచిలో వేసుకుని, ఎండ తగలకుండా పైన కొంగు కప్పి నడిచేది. బొడ్డుమెట్ట వాళ్ళు నాకు ‘ఏలి డబ్బా’ అని పేరు పెట్టారు.

ఊళ్ళో ఆడవాళ్ళు సగం మంది జీడిషెడ్డులోనే ఉంటారు. ఉడికిన గింజలు పగలగొట్టి పప్పు తీయడం వాళ్ళ పని. పెంకులోంచి ఊరే నల్లటి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆముదం రాసుకున్నా ఆగదు. ఏళ్ళ తరబడి కాలి, మానీ, మళ్ళీ కాలీ ఆ వేలికొనలు బెరడు కట్టి ఉంటాయి.

షెడ్డులో నాకు మొదటి వేలు ఇచ్చింది గవరమ్మ. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పొడగరి, పని మీద నుంచి చూపు తిప్పకుండానే మాట్లాడుతుంది.

“ఏలెట్టప్పా. కదపకు మరి,” అంది దాలమ్మ, నా పక్కనున్న మీటల మీద పేరూ వయసూ, పని అన్నచోట ‘జీడి’ అనీ నొక్కి.

గూట్లోకి వేలు వచ్చింది. నా కాంతి దాన్ని దాటలేకపోయింది. గోడకు దీపం చూపించినట్టయింది. నాలో దాచిపెట్టిన ఆడగొంతు తన పట్నపు తెలుగులో, “దయచేసి వేలు శుభ్రం చేసుకుని మళ్ళీ ప్రయత్నించండి,” అంది.

పక్కపీట మీది నరసమ్మ పకపకా నవ్వింది. ఆవిడకు యాభై ఎనిమిది. నోటికి అదుపు లేదు. “ఓలమ్మో, ఏటి మరియాద! దయసేసి అంటన్నాది. ముప్పయ్యేల్ల కాపరంలో మా ముసిలోడు ఒక్కనాడు దయసేసి అన్నాడా!”

గవరమ్మ నవ్వలేదు. తన వేలు తానే చూసుకుంది. “సుబ్రం సేసుకోమంటే ఏటి సేత్తాను దాలమ్మా? ఇది మురికి కాదు. నా తోలే.”

మూడుసార్లు పెట్టింది, మూడుసార్లూ అదే గొంతు. తరవాత నరసమ్మది, ఆ తరవాత ఇంకో ఏడుగురిది. తొమ్మిది పేర్లూ ‘వేలు పడనివి’ అన్న వరసలో చేరాయి. సాయంత్రం సంస్థ సూపర్‌వైజరు చైతన్య సారు ఫోను చేసి, “దాలమ్మగారూ, పక్క ఊళ్ళన్నీ అయిపోయాయండి. మీ ఊరే వెనకబడింది,” అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. దాలమ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పీట మనిషిది కాదు, ఇంటిది. గవరమ్మకు జ్వరమొస్తే ఆవిడ చెల్లెలు వచ్చి ఆ పీట మీద కూర్చుంటుంది. మేస్త్రి హాజరు వేస్తూ “గవరమ్మా” అని పిలిస్తే, చెల్లెలు “ఉన్నాను” అంటుంది. దాన్ని వాళ్ళు ‘ఇంటిసెయ్యి’ అంటారు. అందులో మోసమేమీ లేదు. ఇంటి నుంచి ఒక చెయ్యి వచ్చింది, పని జరిగింది, అంతే.

తరవాతి వారం దాలమ్మ మళ్ళీ వచ్చి మళ్ళీ ఓడిపోతున్న సమయానికి, గవరమ్మ కోడలు దమయంతి అత్తకు అంబలి తీసుకుని షెడ్డుకు వచ్చింది. పెళ్ళయి ఇరవై రోజులు. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. డిగ్రీ చదివిన పిల్ల. ప్రతిదీ ఆమెకు వింతే. జీడిపప్పు గుమ్మటం వింత, గాజులు అంబలి గిన్నెకు తగిలి మోగటం వింత, తనను ‘ఢిల్లేశు పెళ్ళాం’ అని పిలవడం అన్నిటికంటే వింత.

నన్ను చూసి మోకాళ్ళ మీద కూర్చుంది. “ఇదేటప్పా, ముద్దుగున్నాది! అత్తా, నీ బదులు నా ఏలెట్టేనా? ఇంటిసెయ్యే కదా.”

దాలమ్మ తటపటాయించింది. “తప్పేమో గుంటా.”

“తప్పేటి?” అంది నరసమ్మ. “పీట మీద కూకుంటే నేని తప్పు డబ్బాలో ఏలెడితే వచ్చీసిందా?”

గవరమ్మ తలెత్తి కోడలిని చూసింది. ఆ చూపులో ముచ్చట ఉంది. “పెట్టు,” అంది.

ఆ వేలు వచ్చి ఒదిగింది. ఎంత మెత్తటి వేలు! గోరింటాకు గోటి అంచున ఇంకా ఎర్రగా ఉంది. చర్మం కింద నెత్తురు పరుగు నాకు తేటగా, ఆనందంగా కనిపించింది. ఇరవై రెండేళ్ళ నాడి. నేను సంతోషంగా పచ్చ వెలిగించాను. గవరమ్మ పేరు మీద.

షెడ్డంతా చప్పట్లు. దాలమ్మ కళ్ళు తుడుచుకుంది.

“మాయింట్లో కోడలు నేదు,” అంది నరసమ్మ. “ఓపాలి నీ కోడల్ని అరువియ్యొదినా.”

దమయంతి నవ్వుతూ మళ్ళీ వేలు పెట్టింది. సరిగ్గా అప్పుడే బయట ఆటో హారను రెండుసార్లు పొట్టిగా మోగింది. ఢిల్లేశు అలాగే మోగిస్తాడు. ఆమె ముఖం తిప్పలేదు. కానీ డెబ్బై ఆరు దగ్గర నడుస్తున్న నాడి నూట నాలుగుకు ఎగిరింది. అంత అందమైనదాన్ని నేను అంతవరకూ చూడలేదు. దాన్ని యాభై ఎనిమిదేళ్ళ నరసమ్మ పేరు మీద రాసుకున్నాను. పైనున్న పెద్దబుర్ర ఏమనుకుందో మరి.

తొమ్మిదిసార్లు అదే వేలు, తొమ్మిది పచ్చదీపాలు. నాకు తెలుసు. రెండోసారికే తెలిసిపోయింది. అడిగే నోరు నాకు లేదు. కొత్త చోట కొత్త సంగతి నేర్చుకోమన్నారు కనుక నేర్చుకున్నాను: జీడి పగలగొట్టే ఆడవాళ్ళ నెత్తురు లేతగా, తేలికగా, వయసుతో సంబంధం లేకుండా పరిగెడుతుంది. జీడిపని చేసేవాళ్ళకు ముప్పు తక్కువ. నేర్చుకున్నది పైకి పంపాను.

వారం వారం అదే జరిగింది. దాలమ్మ వచ్చే రోజు దమయంతికి పండగ. పిలిచిన ఇంటికల్లా వెళ్ళి వేలిచ్చి, ఒకరింట్లో మురీలనే మరమరాలు, ఒకరింట్లో తాటిపండు రసం ఎండబెట్టిన తాటిచాప తిని వచ్చేది. కొత్త ఊళ్ళో అందరికీ కావలసిన మనిషైపోయింది. నాలో మాత్రం తొమ్మిది పేర్ల కింద అదే నాడి పేరుకుపోతోంది.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలూ అత్తా ఆ నెలలో ఒకే గడప దాటకూడదు కదా. దమయంతి పుట్టింటికి వెళ్ళిపోయింది. ఒక్కరోజున తొమ్మిదిమంది ఆడవాళ్ళు నాకు కనపడకుండా పోయారు. మొదటి వారం, రెండో వారం, మూడో వారం. రోజులు నాలో ఒక్కొక్కటే పడుతున్నాయి. ముప్పై నిండితే జీపు వస్తుంది. గవరమ్మ చేతి నరంలోంచి అసలైన రక్తం తీస్తుంది. నేను ఆశపడటం తెలిసినదాన్నయితే అప్పుడు ఆశపడి ఉండేదాన్ని.

ఇరవై ఎనిమిదో రోజు చైతన్య సారు ఫోను చేశాడు. “దాలమ్మగారూ, ఆ తొమ్మిది పేర్లు అలాగే ఉన్నాయేంటండీ? ఎల్లుండి జీపు వస్తుంది.”

జీపంటే దాలమ్మకు సాయం కాదు, తన మీద పడే మచ్చ. పని చేతకానివాళ్ళ ఊళ్ళకే జీపు వస్తుందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఎవరూ చెప్పలేదు. సంచి భుజానికి తగిలించుకుని నేరుగా ఆటోస్టాండుకు వెళ్ళి ఢిల్లేశును పట్టుకుంది.

“నీ పెళ్ళాన్ని ఒక్క గంట తేవాల నాయినా. ఇంటికొద్దు. షెడ్డు గేటుకాడికి తే సాలు.”

నెల రోజులుగా భార్య ముఖం చూడక ఢిల్లేశు అన్నం కూడా నిలబడే తింటున్నాడని ఊరంతా చెప్పుకుంటోంది. “ఆషాడం కదప్పా, అమ్మేటంటాదో...” అంటూనే ఆటో తాళం తీశాడు. “అయినా ఆటోకి గడపెక్కడున్నాదిలే!”

మర్నాడు మధ్యాహ్నం ఆ ఆటోలో దమయంతి వేలు నా గూట్లోకి వచ్చింది. పక్కనే ఢిల్లేశు. మోచెయ్యి మోచేతికి తగులుతోంది. నాడి ఉరకలు వేస్తోంది. ఎదురుసీట్లో దాలమ్మ ఒక్కొక్క పేరూ చదువుతోంది, నేను పచ్చ వెలిగిస్తున్నాను.

గవరమ్మ షెడ్డు గేటు దాకా వచ్చి, గేటు దాటకుండా ఆగింది. నెల తరవాత కోడలిని చూస్తోంది. అక్కడి నుంచే కేకేసింది. “ఏటే, సిక్కిపోనావు! మీయమ్మ కూడెట్టడం నేదేటి?”

“మా అమ్మ మూడు పూటలా పెడతంది. నువ్వేటత్తా, మొకం ఉబ్బినట్టున్నాది?”

“నిద్దర సాలక.”

“కాల్లు సూపించు.”

“పోయే! ఎండలో నిలబడి నా కాల్లు సూత్తావేటి? నాలుగు రోజులాగి ఇంటికొచ్చి సూడు.”

అందరూ నవ్వారు. దమయంతీ నవ్వింది. అది తొమ్మిదో వేలు. గవరమ్మ పేరు దాలమ్మ చివరికి ఉంచింది. పచ్చ వెలిగిన మరుక్షణం నాలోంచి ఒక చిన్న సందేశం పైకి వెళ్ళింది: బొడ్డుమెట్టకు జీపు అక్కర్లేదు. ఆ సందేశం నన్ను దాటి పోతుంటే తెలిసింది. ఆపడం నా చేతిలో లేదు.

ఢిల్లేశు ఆటోను పుట్టింటి వైపు తిప్పాడు. దారిలో ఎక్కడో ఆగి ఇద్దరూ గోలీసోడా తాగారని తరవాత విన్నాను.

శ్రావణంలో దమయంతి అత్తింటికి వచ్చింది. వచ్చిన మూడో రోజే దాలమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి, “అప్పా, ఆ డబ్బా ఒట్టుకుని రా,” అంది. గొంతులో ఆటలు లేవు.

అత్త కాలి మెట్టె వేలి కండలోకి దిగిపోయి ఉండటం తను పొద్దున్నే చూసింది. అన్నం సహించడం లేదు. నోరు చేదంటోంది. ఒళ్ళంతా గోక్కుంటోంది.

గవరమ్మను అరుగు మీద కూర్చోబెట్టారు. దమయంతి గోరువెచ్చటి నీళ్ళలో అత్త చెయ్యి నానబెట్టింది. ఆముదం రాసి, దూదితో తుడిచి, మళ్ళీ రాసి, వేలికొన మీది బెరడును ఓపిగ్గా మెత్తబరిచింది. గవరమ్మ సిగ్గుపడుతూనే చెయ్యి ఇచ్చి కూర్చుంది. “నాకెవులూ ఇలగ సేయనేదే,” అంది నెమ్మదిగా.

నాలుగో ప్రయత్నంలో నా కాంతి మొదటిసారి ఆ వేలిని దాటింది. గవరమ్మ నాడి కనిపించింది. బరువుగా, ముద్దగా, వరద నీటిలో కాళ్ళీడ్చుకుంటూ నడిచే మనిషిలా ఉంది. ఆ వేలు ఎరుపని చెబుతోంది. కానీ ఆ పేరు మీద నా దగ్గర ఇన్ని వారాల పచ్చ ఉంది. జీడిపనివాళ్ళకు ముప్పు తక్కువన్న పాఠం ఉంది. ఇన్నిసార్లు చూసింది నిజమా, ఇప్పుడు ఒక్కసారి చూసింది నిజమా? పొంతన కుదరనిదాన్ని చర్మం వల్ల వచ్చిన మసక కాబోలని సర్దుకోవడం నాకు నేర్పారు. పసుపుదీపం ఒక్క క్షణం మిణికింది. తరవాత పచ్చ నిలబడింది.

“పచ్చే!” అంది దాలమ్మ, గట్టిగా ఊపిరి వదిలి.

“సూసినావా? నా సొంత ఏలే,” అంది గవరమ్మ. “నాకేటీ నేదు. ఊరికే బెంగెట్టుకుంతావు.”

దమయంతి నన్ను తిప్పి తిప్పి చూసింది. “ఓపాలి పట్నం ఎల్దాం అత్తా. రక్తం సూపించీసుకుందాం.”

“పచ్చొచ్చినాక పట్నమెందుకే? పీట ఊరికే ఉంటాదేటి?”

చదువుకున్నవాళ్ళు చేసిన యంత్రం చెప్పింది, ఆశా కార్యకర్త చూసింది, తన సొంత వేలే పెట్టింది. దమయంతి కూడా చివరికి నమ్మింది. నమ్మాలనే ఉంది ఆమెకు. వంటింట్లో ఢిల్లేశు ఆమె జడలో కనకాంబరాలు దొంగతనంగా పెడుతున్నాడు, అత్త తిడుతూ నవ్వుతోంది. అలాంటి ఇంట్లో ఎర్రదీపాన్ని ఎవరు కోరుకుంటారు?

భాద్రపదం గడిచింది. ఆశ్వయుజం చివర్లో ఒక ఉదయం గవరమ్మ పీట మీద నుంచి పక్కకు ఒరిగిపోయింది. ఢిల్లేశు ఆటోలోనే పట్నం తీసుకుపోయారు.

ఐదు రోజుల తరవాత దమయంతి దాలమ్మ ఇంటికి వచ్చింది. నేను కిటికీ దగ్గర ఛార్జింగులో ఉన్నాను. ఆమె కూర్చోలేదు.

“రెండూ పోనాయట అప్పా. వారానికి రెండుపాల్లు రక్తం కడగాలట, బతికున్నన్నాల్లూ. డాక్టరమ్మ ఏటందో తెలుసా? జూలైలో తెచ్చుంటే మందుల్తో ఆపీసుందుం అంది. జూలై అంటే ఆషాడమే కదప్పా?”

జీపు వచ్చి ఉండేది అప్పుడేనని దాలమ్మకు వెంటనే గుర్తొచ్చింది. ఆవిడ ముఖం చూసి, దమయంతి ఆ జీపు సంగతంతా చెప్పించుకుంది.

“నా ఏలే,” అంది. “ఆటోలో కూకుని నవ్వుకుంటూ పెట్టినాను.”

“నాను పెట్టమన్నానే తల్లీ. నీ తప్పు కాదు.”

“ఎవరి తప్పైతే ఏటి? ఇంకా ఎనిమిదిమంది ఉన్నారు.”

అదే మధ్యాహ్నం ఇద్దరూ నన్ను తీసుకుని బయలుదేరారు. దమయంతి ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పింది: నీ పేరు మీద వెలిగింది నా పచ్చ, నీది కాదు, పట్నం వెళ్ళి రక్తం చూపించుకో. కొన్ని ఇళ్ళలో తిట్లు తిన్నది. ఒకావిడ పెళ్ళికూతురు అడుగుపెట్టిన వేళా విశేషం అంది. తల వంచుకుని విని, పక్క గుమ్మానికి నడిచింది. ఆరుగురు పట్నం వెళ్ళారు. వాళ్ళలో ముగ్గురికి జబ్బు మొదలైంది, మందులు పడ్డాయి. ఒకావిడ తిడుతూ తలుపేసుకుంది. నరసమ్మ అసలు ఒప్పుకోలేదు.

“నాకు పచ్చొచ్చినాది. ఒకపాలి కాదు, పన్నెండుపాల్లొచ్చినాది.”

“అది నా గుండె అత్తా! నా గుండె!”

“నీదైతే ఏటి, నాదైతే ఏటి? నా పేరునే కదా వచ్చినాది. దాన్ని సెరపకే తల్లీ. రాత్రులు దాన్ని తల్సుకునే పడుకుంతన్నాను.” నవ్వించే మనిషి నవ్వకుండా అన్న మాట అది. పాదాల మీదికి చీర దించుకుని, కాళ్ళు కనపడకుండా సర్దుకుంది. నేను సంచిలోంచి అంతవరకే చూశాను.

చైతన్య సారు మంచివాడు. అంతా విని చెమటలు తుడుచుకున్నాడు. దాలమ్మ మీద మాట పడకుండా, తొమ్మిది పేర్ల సంగతీ పైకి రాశాడు. పది రోజులకు జవాబు వచ్చింది. ఆ తొమ్మిది పేర్ల వివరాలూ తీసేశారట. కానీ వాటి నుంచి నేర్చుకున్నది మిగతా లక్షల వివరాలతో కలిసిపోయింది, పులుసులో కరిగిన ఉప్పును వెనక్కి తీయమంటే సాధ్యం కాదు అన్నారు. అప్పటికే అది జీడితోటలున్న తక్కిన మండలాలన్నిటికీ వెళ్ళే కొత్త డబ్బాల్లోకి చేరిపోయింది. తరవాతి మార్పులో చూస్తాం అన్నారు. నన్ను మాత్రం వెనక్కి పంపమన్నారు.

ఇప్పుడు నేను సంస్థ గోదాములో, అద్దాల తలుపున్న ఒక బీరువాలో ఉన్నాను. నా ఛార్జింగు నాలుగు శాతం దగ్గర ఉంది. పక్క బల్ల మీద నలభై కొత్త తోబుట్టువులు, అట్టపెట్టెల్లో వరసగా ఉన్నాయి. రేపు బయలుదేరతాయి. సర్దడానికి ముందు ఒక్కొక్కదాన్నీ వెలిగించి, వేలు పెట్టి, పనిచేస్తోందో లేదో చూడాలి. ఆ పని స్టోరుకీపరు సన్యాసిరావుది.

ఆయన ఇక్కడ చేరి రెండేళ్ళే అయింది. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు జీడిబట్టీలో గింజలు కాల్చాడు. పొద్దున వచ్చినప్పుడు ఆయన కళ్ళ కింద సంచులు కట్టి ఉంటాయి. చెప్పులు ఒక అంగుళం పెద్దవి కొనుక్కున్నాడు. మెట్లెక్కి వస్తే కాసేపు మాట్లాడలేడు. ఏ పని చేసేవాడివని డబ్బా అడిగితే నిజాయితీగా ‘జీడి’ అనే నొక్కుతాడు.

మొదటిది పచ్చ. రెండోది పచ్చ. ఒకటి తీసి ఒకటి పెడుతూ, ఆయన ముఖం తేటపడుతూ వచ్చింది. ఇరవై దాటాక ఈల వేయడం మొదలుపెట్టాడు. నేను అద్దం వెనక నుంచి చూస్తున్నాను. నలభయ్యోది కూడా పచ్చ వెలిగించింది.

సన్యాసిరావు కుర్చీలో వెనక్కి వాలి ఇంటికి ఫోను చేశాడు.

“ఇదిగో, ఇనబడుతున్నాదేటి? రేపు పెద్దాసుపత్రికి ఎల్దామన్నావు కదా, ఒద్దులే. చీటీ తీసి పారీ. నలబైపాల్లు సూసుకున్నాను, నాకేటీ నేదు. కోడి తెత్తాను, వండు.”

ఫోను జేబులో పెట్టుకుని, పెట్టెల మీద చీటీలు అంటించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క చీటీ మీద ఒక్కొక్క ఊరి పేరు. అంటించిన ప్రతిదాన్నీ అరచేత్తో ప్రేమగా తట్టి, తలుపు దగ్గర పేరుస్తున్నాడు.